మొదటి రోజే మూడు వందల గుంజీళ్లు: కండరాల నొప్పితో వచ్చిన ఒక కానిస్టేబుల్ అభ్యర్థి కేసు

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడుతుందన్న మాట వినపడితే చాలు, హనుమకొండలో తెల్లవారుజామున గ్రౌండ్లన్నీ నిండిపోతాయి. ఆ తర్వాత రెండు మూడు రోజులకి మా ఫిజియోథెరపీ క్లినిక్ ముందు బైకులు ఆగడం మొదలవుతుంది. వెనక కూర్చున్నవాడు దిగడానికే ఒక నిమిషం పడుతుంది. అలవాటు లేని కసరత్తు ఒక్కసారిగా చేయడం వల్ల వచ్చే ఈ నొప్పులు చాలావరకు వారంలో వాటంతటవే పోతాయి. ఈ కేసు మాత్రం "మామూలు ఒళ్లు నొప్పులే, పోతాయి పో" అనడానికీ, ఆసుపత్రికి పంపడానికీ మధ్య గీత మీద నిలబడింది. అందుకే వివరంగా రాస్తున్నాను. అతని అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వచ్చిన రోజు

వయసు 23. ఎత్తు 171 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. డిగ్రీ అయిపోయింది. షుగర్, థైరాయిడ్ లాంటివి లేవు, రోజూ వేసుకునే మందులు లేవు. ఏడెనిమిది నెలలుగా పొద్దున్నుంచి రాత్రి దాకా లైబ్రరీ కుర్చీలోనే చదువు. స్కూల్లో కబడ్డీ ఆడేవాడు కాబట్టి "మనకి బాడీ ఉంది" అన్న ధీమా మాత్రం అలాగే ఉంది.

సోమవారం తెల్లవారుజామున ఒక కోచింగ్ బ్యాచ్‌లో చేరాడు. ఆ రోజు చేయించినవి అడిగి రాసుకున్నాను: వార్మప్ పేరుతో 1600 మీటర్ల పరుగు, గ్రౌండ్ అడ్డంగా కప్ప గంతులు, బాతు నడక, స్ప్రింట్లు, చివర్లో దఫాలుగా మూడు వందల గుంజీళ్లు. లెక్క తప్పిన వాళ్లకి అదనంగా యాభై. ఇతను లెక్క తప్పాడు.

సోమవారం సాయంత్రానికి కాళ్లు కాస్త బరువెక్కాయి, అంతే. మంగళవారం లేచేసరికి తొడలు బిగుసుకుపోయాయి. అయినా "మొదట్లో ఇట్లనే ఉంటది, ఆపితే పట్టేస్తది" అని తోటివాళ్లు చెబితే మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లి సగంలో కూర్చుండిపోయాడు. వచ్చే దారిలో మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు కొనుక్కుని రాత్రికి రెండు వేసుకున్నాడు. బుధవారం మధ్యాహ్నం స్నేహితుడి భుజం పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు.

"మెట్లు ఎక్కుడైతే ఎట్లనో ఎక్కుతున్న సార్, దిగుడే అయితలేదు. బాత్రూంల కూసుంటే లేవస్తలేదు" అన్నాడు.

ఆ ఒక్క మాటలోనే సగం నిర్ధారణ ఉంది. ఎక్కడం కన్నా దిగడం ఎందుకు కష్టమన్నది తర్వాత చెబుతాను.

చూసినవి

పడుకుని ఉంటే నొప్పి పదికి 2. మెట్లు దిగేటప్పుడు 8. రెండు తొడల ముందు భాగంలోనూ దాదాపు సమానంగా ఉంది. మోకాలి చిప్పకి నాలుగు వేళ్ల పైన, కండరం సన్నబడి నరం కట్టులా మారే చోట నొక్కితే ఉలిక్కిపడ్డాడు. పిరుదుల్లో, పిక్కల్లో కొంచెం. బోర్లా పడుకోబెట్టి మోకాలు మడిస్తే మామూలుగా మడమ పిరుదుకి దగ్గరగా రావాలి, ఇతనికి కుడివైపు 95 డిగ్రీల దగ్గర, ఎడమవైపు మరో మూడు డిగ్రీల తర్వాత ఆగిపోయింది. తొడలు కాస్త ఉబ్బినట్టున్నాయి కానీ రాయిలా గట్టిగా లేవు. కమిలిన మచ్చ లేదు, వేలికి తగిలే గుంట లేదు.

ఇలాంటి కేసులో నా మొదటి పని నొప్పి తగ్గించడం కాదు. ఇది మరేదీ కాదని తేల్చుకోవడం. కండరం చిరిగితే సాధారణంగా ఒక కాలికే, ఒకే చోట, "టప్పున పట్టింది" అని ఆ క్షణం గుర్తుంటుంది. ఇతనికి అలాంటి క్షణం లేదు, నొప్పి ఒక రాత్రి గడిచాక వచ్చింది. ఎముకలో సన్నటి పగులు ఉంటే ముంగాలి ఎముక మీద ఒకే బిందువు దగ్గర నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి వస్తుంది. అది లేదు. ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. అదీ లేదు. పాదాల్లో స్పర్శ, నాడి బాగున్నాయి, కాలి వేళ్లని వెనక్కి వంచితే అరిచేంత నొప్పి లేదు. కండరాల గదిలో ఒత్తిడి పెరిగిపోయే ప్రమాదకరమైన పరిస్థితి కాదన్నమాట. వానాకాలం కాబట్టి జ్వరం కూడా చూశాను. డెంగీ, చికున్‌గున్యాల్లోనూ జ్వరంతో పాటు ఒళ్లు నొప్పులుంటాయి, గ్రౌండ్‌కి వెళ్లినవాడికి దోమ కుట్టదని ఎక్కడా లేదు. జ్వరం లేదు.

అప్పుడు అడగాల్సిన ప్రశ్న అడిగాను: మూత్రం ఏ రంగులో వస్తోంది?

సిగ్గుపడ్డాడు. "పొద్దున జర చిక్కగ వచ్చింది సార్. ఎండకేమో అనుకున్న."

చిక్కటి పసుపా, డికాషన్ రంగా? పసుపే అన్నాడు, కానీ అంత నమ్మకంగా చెప్పలేదు. మూడు వందలకి పైగా గుంజీళ్లు, రెండో రోజు మళ్లీ ప్రయత్నం, నీళ్లు సరిగా తాగకపోవడం, పైన రెండు డైక్లోఫెనాక్ మాత్రలు. ఈ నాలుగూ కలిసిన చోట నేను ఊహ మీద ఆధారపడను. పక్క వీధిలోని ల్యాబ్‌కి పంపి సీపీకే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, యూరిన్ రొటీన్ చేయించాను. మాతో కలిసి పనిచేసే ఫిజీషియన్‌కి ఫోన్ చేసి విషయం చెప్పాను.

సీపీకే సంగతి

కండరం లోపల ఉండే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమునే మన ల్యాబులు సీపీకే అంటాయి. కండర కణాల పొర దెబ్బతింటే అది రక్తంలోకి కారుతుంది. ల్యాబుని బట్టి మగవాళ్లలో మామూలుగా లీటరుకి 200 నుంచి 300 యూనిట్ల లోపు ఉంటుంది. ఇతనికి 3,860 వచ్చింది. క్రియాటినిన్ 0.9, పొటాషియం 4.3, రెండూ బాగున్నాయి. మూత్రం చిక్కటి పసుపు, అందులో రక్తం జాడ లేదు.

రిపోర్టు చూసి అతని స్నేహితుడు కంగారుపడ్డాడు, ఫోన్‌లో వెతికి "కిడ్నీ ఫెయిల్ అంట" అని చదివి వినిపించాడు. ఆ భయం పూర్తిగా ఊరికే పుట్టింది కాదు. కండర కణాలు పెద్ద ఎత్తున పగిలి, లోపలి మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో కలిసి కిడ్నీలని దెబ్బతీసే స్థితిని రాబ్డోమయోలిసిస్ అంటారు. 1941లో, లండన్ మీద బాంబులు పడిన కాలంలో, శిథిలాల కింద కాళ్లు నలిగిపోయిన వాళ్లలో కిడ్నీలు ఆగిపోవడాన్ని బైవాటర్స్, బీల్ అనే వైద్యులు వివరించారు. దానికి శిథిలాలే అక్కర్లేదని తర్వాత తెలిసింది. అలవాటు లేని కండరంతో అదేపనిగా గుంజీళ్లు తీయించినా చాలు. సైన్యంలో కొత్తగా చేరినవాళ్లలో, జిమ్‌లో మొదటిసారి సైకిల్ తొక్కించే స్పిన్నింగ్ క్లాసుకి వెళ్లినవాళ్లలో ఇది కనిపిస్తూనే ఉంది.

అలాగని సీపీకే అంకె ఒక్కటే చూసి భయపడటమూ తప్పే. అమెరికాలో ప్రిసిల్లా క్లార్క్‌సన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో 203 మంది ఆరోగ్యవంతుల చేత చేతి కండరంతో కఠినమైన వ్యాయామం 50 సార్లు చేయించారు. నాలుగో రోజున వాళ్లలో 111 మందికి 2,000 దాటింది, 51 మందికి 10,000 కూడా దాటింది. ఒక్కరికీ కిడ్నీ దెబ్బతినలేదు. అంటే ఆరోగ్యంగా ఉండి, నీళ్లు బాగా తాగుతూ, వేరే మందుల గొడవ లేనివాళ్లు వేలల్లో సీపీకే వచ్చినా తట్టుకుంటారు. అదే అంకెకి ఎండ, దాహం, నొప్పి మాత్రలు, లేదా ఒంట్లో అప్పటికే ఉన్న జ్వరం తోడైతే కథ మారుతుంది. వైద్యులు సాధారణంగా 5,000 దాటితే కిడ్నీల మీద మరింత కన్నేసి ఉంచుతారు. మూత్రం డికాషన్ రంగుకి మారితే అంకె కోసం ఆగరు.

ఫిజీషియన్ చూసి అడ్మిషన్ అక్కర్లేదన్నారు. డైక్లోఫెనాక్ ఆపమన్నారు, నొప్పి ఓర్చుకోలేకపోతే పారాసెటమాల్ రాశారు, రెండు రోజుల తర్వాత పరీక్షలు మళ్లీ చేయించమన్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసెక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. మామూలు రోజుల్లో కుర్రాళ్ల కిడ్నీలు దాన్ని లెక్కచేయవు. ఒంట్లో నీరు తగ్గి, కండరం నుంచి వ్యర్థాలు దిగుతున్న రోజుల్లో మాత్రం అది చేయకూడని పని. మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఈ ముక్క చెప్పేవాళ్లుండరు.

నీళ్ల విషయంలోనూ ఒక మాట చెప్పి పంపాను. భయంతో ఒకేసారి నాలుగైదు లీటర్లు పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. రోజంతా కొంచెం కొంచెంగా, మూత్రం లేత పసుపు రంగుకి వచ్చేలా తాగమన్నాను. మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగ, ఒకట్రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు.

నొప్పి ఎక్కడిది

"లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది, చెమట పట్టిస్తే పోతుంది" అని బ్యాచ్‌లో చెప్పారట. గ్రౌండ్‌లో ఇంకా బతుకుతున్న మాట ఇది. పరిగెత్తేటప్పుడు రక్తంలో లాక్టేట్ పెరగడం నిజమే, కానీ ఆపిన గంట, గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. సోమవారం పొద్దున పుట్టిన లాక్టేట్ బుధవారం మధ్యాహ్నం తొడలో కూర్చుని ఉండదు. ఆలస్యంగా వచ్చే ఈ నొప్పికి కారణం కండరంలోని సన్నటి చిరుగులని 1902లోనే థియోడర్ హఫ్ అనే అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త రాశాడు. ఇప్పటి అవగాహన అంతకన్నా విస్తారమే అయినా మూలం అక్కడే ఉంది.

గుంజీలో పైకి లేచేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. కిందకి దిగేటప్పుడు అదే కండరం సాగుతూనే బరువుని ఆపుతుంది. బావిలోకి బరువైన బిందె దించేటప్పుడు తాడు చేతుల్లోంచి ఒక్కసారిగా జారిపోకుండా బిగపట్టి వదులుతామే, అలాంటి పని. సాగుతూ బరువు మోసే ఈ దశలోనే కండరం లోపలి సన్నటి పోగులు ఎక్కువగా దెబ్బతింటాయి. మెట్లు దిగడం, కొండ దిగడం, లాంగ్ జంప్‌లో ఇసుకలో పడటం, కుర్చీలో నెమ్మదిగా కూర్చోవడం అన్నీ ఈ కోవలోవే. అలిపిరి మెట్లెక్కి పైన బస్సెక్కినవాళ్లకీ, నడిచే కిందకి దిగినవాళ్లకీ మర్నాడు తొడల్లో తేడా అందుకే.

పోగులు చెదిరిన వెంటనే పెద్దగా నొప్పి ఉండదు. తర్వాతి గంటల్లో మరమ్మతు కణాలు అక్కడికి చేరతాయి, కొద్దిగా వాపు వస్తుంది, నొప్పిని మోసే నరాల కొసలు సున్నితమవుతాయి. అందుకే 12 నుంచి 24 గంటల మధ్య మొదలై, రెండో రోజు నుంచి మూడో రోజు దాకా శిఖరానికి చేరి, ఐదారు రోజుల్లో దిగిపోతుంది. మన అభ్యర్థి సరిగ్గా శిఖరం మీద ఉండగా వచ్చాడు. ఆ రోజు ఎవరి దగ్గరికి వెళ్లినా, ఏం చేసినా, మర్నాటి నుంచి తగ్గేదే. మా వృత్తిలో చాలా పేర్లు ఇలాగే వస్తాయి.

మొదటి నాలుగు రోజులు

బుధ, గురు వారాలు గ్రౌండ్ బంద్ చేయించాను, మంచానికి అతుక్కుపోవద్దనీ చెప్పాను. పొద్దున, సాయంత్రం పావుగంట చదును నేల మీద నడక. క్లినిక్‌లో సైకిల్ మీద బరువు లేకుండా పది నిమిషాలు. తొక్కుతున్నంతసేపు హాయిగా ఉందన్నాడు, దిగిన గంటకి మళ్లీ పట్టేసిందన్నాడు. తేలికపాటి కదలిక చేసేది అంతే: కదులుతున్నంతసేపు నొప్పిని మరిపిస్తుంది. గాయం త్వరగా మానుతుందన్న భ్రమ నాకు లేదు. అయినా రోజుకి రెండుసార్లు ఆ హాయి దొరకడం చిన్న విషయం కాదు, కాలు కదపడానికి భయం పోతుంది.

గురువారం అతని వెంట వాళ్లమ్మ కూడా వచ్చింది. వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేయిస్తున్నానని, అది చేయొచ్చా అని అడిగింది. చేయించమన్నాను. వేడికి కండరం వదులవుతుంది, పిల్లవాడికి నిద్ర పడుతుంది. నువ్వుల నూనె పట్టించి గట్టిగా తొక్కిస్తే పోతుందని ఇంటి పక్కన ఎవరో చెప్పారట. దానికి మాత్రం వద్దన్నాను.

"నెమ్మదిగ రాయొచ్చమ్మా, తొక్కించొద్దు. లోపల పుండున్నట్టే అనుకో" అంటే ఆమెకి వెంటనే అర్థమైంది.

మర్దన గురించి ఇంకొంచెం చెప్పాలి. 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు దాదాపు వంద అధ్యయనాలని కలిపి చూసినప్పుడు, ఇలాంటి నొప్పినీ అలసటనీ తగ్గించడంలో మిగతా పద్ధతులన్నిటికన్నా మర్దనే ముందుంది. నా అనుభవమూ అదే. కానీ అది తేలికపాటి మర్దన, పది పదిహేను నిమిషాలు, గుండె వైపుగా పొడవాటి రాపిళ్లు. సీపీకే వేలల్లో ఉన్నవాడి తొడ మీద మోచేయి పెట్టి నలిపితే ఇంకొన్ని పోగులు తెగడం తప్ప లాభం లేదు. శుక్రవారం రిపోర్టు వచ్చేదాకా అతని తొడలకి నేను చేత్తో చేసింది అరచేతితో నిమరడం లాంటిదే.

స్ట్రెచింగ్ మీద మన గ్రౌండ్లలో ఉన్నంత భక్తి ఇంకదేని మీదా లేదు. వైద్య పరిశోధనలని కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 2011 సమీక్షలో 12 అధ్యయనాలని చూస్తే, వ్యాయామం తర్వాత సాగదీయడం వల్ల మర్నాటి నొప్పి వందకి ఒక పాయింటు తగ్గింది. ముందూ వెనకా రెండుసార్లు చేసిన పెద్ద అధ్యయనంలో నాలుగు పాయింట్లు. అంత చిన్న తేడా మనిషికి తెలియను కూడా తెలియదు. కండరం వశ్యతకి స్ట్రెచింగ్ మంచిదే, చేయొద్దనడం లేదు. కానీ మూడో రోజు పట్టేసిన తొడని బలవంతంగా వెనక్కి మడిచి "ఇంకొంచెం, ఇంకొంచెం" అనడం హింస తప్ప చికిత్స కాదు.

ఐస్ బాత్ గురించి స్నేహితుడు అడిగాడు. ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెచ్చి డ్రమ్ములో వేసుకుని దిగుతున్నారట కొందరు. 2012 కోక్రేన్ సమీక్షలో 17 చిన్న అధ్యయనాల్లో చన్నీటి మునక నొప్పిని కొంత తగ్గిస్తుందని తేలింది, నీరు 10 నుంచి 15 డిగ్రీలు, పది పదిహేను నిమిషాలు. వరుస రోజుల్లో పోటీలున్న ఆటగాడికి పనికొస్తుంది. నెలల తరబడి కాళ్లలో బలం పెంచుకోవాల్సిన కుర్రాడు ప్రతి వ్యాయామం తర్వాత చన్నీళ్లలో దిగితే, పెరగాల్సిన కండరమే తక్కువ పెరుగుతుందని 2015లో క్వీన్స్‌లాండ్ పరిశోధకులు చూపించారు. దిమ్మ డబ్బులతో గుడ్లు కొనుక్కోమన్నాను.

నొప్పి బామ్‌లు, స్ప్రేలు కూడా చర్మం మీద చల్లదనమో మంటో పుట్టించి మెదడు దృష్టి మళ్లిస్తాయి. రాసుకోవచ్చు. వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

శుక్రవారం సీపీకే 1,720కి దిగింది. క్రియాటినిన్ అదే 0.9. మూత్రం లేత పసుపు. మెట్లు దిగేటప్పుడు నొప్పి 4. శనివారానికి 2. కుర్చీలోంచి చేతులు పెట్టకుండా లేచాడు.

నిద్ర, తిండి

ఇక్కడిదాకా చేసింది ఒంటిని కాలానికి అప్పగించడం. అసలు లోటు శనివారం తీరిగ్గా కూర్చుని అతని రోజుని గంట గంటగా రాయించినప్పుడు బయటపడింది. రాత్రి పన్నెండున్నర దాకా చదువు. తర్వాత ఫోన్ ఓ అరగంట. నాలుగింటికి అలారం, నాలుగున్నరకి గ్రౌండ్. అంటే మూడు గంటల నిద్ర. మధ్యాహ్నం లైబ్రరీలో బల్ల మీద తల పెట్టి ఓ పావుగంట కునుకు. ఈ లెక్కన ఏ మందు రాసినా, ఏ మర్దన చేసినా కండరానికి బాగుపడే సమయమే లేదు. గాఢనిద్రలోనే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది. నిద్ర తగ్గితే నొప్పిని తట్టుకునే శక్తీ తగ్గుతుంది. అదే గాయం ఎక్కువ నొప్పిగా తెలుస్తుంది.

"పడుకుంటే సిలబస్ ఎట్లయితది సార్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. గ్రౌండ్ ఉన్న రోజుల్లో పదింటికి పడుకోవడం, మధ్యాహ్నం గంటన్నర నిద్ర, గ్రౌండ్ లేని రోజుల్లో తెల్లవారుజాము చదువు అని సర్దాం. ఫోన్ వాళ్లమ్మ దగ్గర పెట్టాలి. ఆమె ఒప్పుకుంది, అతను మొహం మాడ్చుకున్నాడు.

తిండి లెక్క ఇంకా పలచగా ఉంది. పొద్దున గ్రౌండ్ తర్వాత చాయ్, నాలుగు ఇడ్లీలు. మధ్యాహ్నం మాత్రం హాస్టల్ మెస్‌లో అన్నం, నీళ్ల పప్పు. రాత్రి ఇంట్లో అన్నం, చారు, పెరుగు. ఆదివారం చికెన్. చికెన్ లేని రోజు ప్రోటీన్ ఎంత కూడినా 45 గ్రాములు దాటడం లేదు. బలం కోసం వ్యాయామం చేసేవాళ్లకి కిలో బరువుకి దాదాపు 1.6 గ్రాముల దాకా పనికొస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇతని 64 కిలోలకి సుమారు 100 గ్రాములు. పౌడర్ డబ్బా కొనమంటారేమోనని ముందే జేబు తడుముకున్నాడు. అక్కర్లేదు. రోజుకి మూడు ఉడికించిన గుడ్లతో 18 గ్రాములు, పడుకునేముందు గ్లాసు పాలతో 8, నలభై గ్రాముల పల్లీలతో 10, ముప్పై గ్రాముల మీల్‌మేకర్‌తో 15. కలిపితే 51. మొత్తం 96 దగ్గరికి వస్తుంది, ఆ నాలుగు గ్రాముల కోసం నేను పట్టుబట్టను. మీల్‌మేకర్‌ని నానబెట్టి పప్పులో వేయమని హాస్టల్ వంటాయనకి చెప్పించాం. ఆయన మొదట విసుక్కున్నా తర్వాత మిగతా పిల్లలూ అడగడం మొదలుపెట్టారట.

ప్రోటీన్ తిన్నంత మాత్రాన మర్నాటి నొప్పి తగ్గదు. అది మరమ్మతుకి కావాల్సిన సామాను. నొప్పి మాయమవుతుందని చెప్పి తినిపిస్తే మూడో రోజు మానేస్తారు.

మళ్లీ గ్రౌండ్‌కి

నొప్పి పోయింది కాబట్టి సోమవారం నుంచి బ్యాచ్‌తో కలవచ్చా అన్నది తర్వాతి ప్రశ్న. ఎక్కువమంది ఇక్కడే మళ్లీ దెబ్బతింటారు. నొప్పి తగ్గినంత వేగంగా బలం తిరిగి రాదు. శనివారం చూస్తే నడకలో నొప్పి లేదు గానీ ఒంటికాలి మీద కొద్దిగా కూర్చోమంటే మోకాలు లోపలికి వాలుతోంది, వణుకుతోంది. ఈ స్థితిలో ఇసుకలో దూకితే భారం కండరం మీద కాక మోకాలి మీద పడుతుంది.

మరోపక్క ఒంటికి ఒక మంచి గుణం ఉంది. సాగుతూ బరువు మోసే పనిని ఒకసారి చేసి కోలుకున్న కండరం, అదే పని రెండోసారి చేసినప్పుడు చాలా తక్కువ దెబ్బతింటుంది. ఈ రక్షణ వారాల తరబడి, కొన్ని కొలతల్లో నెలల తరబడి ఉంటుంది. ముఖ్యమైన సంగతేంటంటే, దానికి మూడు వందల గుంజీళ్లు అక్కర్లేదు. నొప్పి రానంత చిన్న మోతాదు కూడా కొంత రక్షణ ఇస్తుంది. మొదటి రోజే నరకం చూపిస్తే తప్ప ఒళ్లు వంగదన్న గ్రౌండ్ నమ్మకానికి ఆధారం లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? నా చికిత్సలో పనిచేసిందేదైనా ఉంటే అది ఈ గుణాన్ని వాడుకోవడమే. బామ్, మర్దన, వేడినీళ్లు అన్నీ ఊరట. మళ్లీ అంత నొప్పి రాకుండా కాపాడింది మోతాదు.

రెండో వారం: కుర్చీ ముందు నిలబడి, మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చుని మామూలుగా లేవడం, ఎనిమిది చొప్పున రెండు దఫాలు, రోజు విడిచి రోజు. పరుగు 400 మీటర్ల ముక్కలుగా, మాట్లాడుతూ పరిగెత్తగల వేగంలో, మధ్యలో నడక. మర్నాడు నొప్పి పదికి 3 దాటితే తర్వాతిసారి పెంచకూడదు, అదే మోతాదు మళ్లీ. ఈ ఒక్క నియమం తప్ప వేరే లెక్కలు చెప్పలేదు. ఎక్కువ చెబితే ఏదీ గుర్తుండదు.

మూడో వారం కుర్చీ తీసేసి పన్నెండు చొప్పున మూడు దఫాల గుంజీళ్లు. ఒక మెట్టు పైనుంచి ఒంటికాలితో నెమ్మదిగా దిగడం, మోకాలు బొటనవేలి వైపు జారకుండా అద్దం ముందు. లాంగ్ జంప్‌కి రన్నప్ మాత్రమే, దూకడం లేదు. నాలుగో వారం నుంచి వారానికి రెండు రోజులు ఆరేసి దూకుళ్లు. బాతు నడక అసలు వద్దన్నాను. ఏ ఈవెంట్‌లోనూ బాతులా నడవమని అడగరు.

2022 తెలంగాణ నోటిఫికేషన్‌లో మగవాళ్లకి 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. అదే అతని లక్ష్యం. మూడు వందల గుంజీళ్లు ఆ జాబితాలో లేవు. కాళ్ల బలం కావాలి, నిజమే. బలం వచ్చేది తక్కువసార్లు, సరైన పద్ధతిలో, మధ్యలో విరామంతో చేస్తేనే. సంఖ్య పెంచుతూ పోతే వచ్చేది అలసట, దానికి మొండితనం అని పేరు.

బ్యాచ్ నడిపే ఆయనతో ఫోన్‌లో మాట్లాడాను. మాజీ క్రీడాకారుడు, పిల్లలంటే ప్రేమ ఉన్నవాడే. "మేమంతా అట్లనే తయారైనం సార్, మాకేం కాలే" అన్నారు. ఏమీ కానివాళ్లే ఈ రోజు మాట్లాడటానికి మిగిలారని నేను అనలేదు. మొదటి రెండు వారాల మోతాదు ఒక కాగితం మీద రాసి పంపాను. గుంజీళ్లని యాభైకి తగ్గించారు, అదీ మూడు రోజులకి విడదీసి. శిక్షగా గుంజీళ్లు తీయించడం ఆపలేదు, కానీ ఇప్పుడు కొత్తవాళ్లకి మాత్రం లేదట.

తర్వాత

ఐదో వారంలో ఒక గట్టి సెషన్ తర్వాత మర్నాడు నొప్పి 3 వచ్చిందని ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్ లేదు. ఏం చేశావంటే "నడిచిన, నీళ్లు తాగిన, పడుకున్న" అన్నాడు. ఆ సమయంలో చేయించిన సీపీకే 290, వ్యాయామం చేసే కుర్రాడికి అది మామూలే.

ఎనిమిదో వారంలో అతని 1600 మీటర్ల సమయం 7 నిమిషాల 2 సెకన్లు. లాంగ్ జంప్ 4.15 మీటర్లు. షాట్‌పుట్ ఇంకా ఐదున్నర దగ్గరే ఆగింది. అది కాళ్ల సమస్య కాదు, గుండు మెడ దగ్గర నుంచి వదిలే పద్ధతిది. దానికి గ్రౌండ్‌లో ఇంకొకరి దగ్గరికి పంపాను.

అదే వారం అతని వెంట ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకడికి రెండు తొడలూ పట్టేశాయి. అతనికి నడక, నీళ్లు, నిద్ర చెప్పి పంపించేశాను. రెండోవాడు ఒక పిక్క మాత్రమే నొప్పంటున్నాడు, నొక్కితే ముంగాలి ఎముక మీద ఒకేచోట చూపిస్తున్నాడు, ఒంటికాలి మీద గెంతమంటే గెంతలేకపోయాడు. అతన్ని ఎక్స్‌రేకి పంపాను. ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోయినా పరుగు ఆపించి ఎమ్మారై చేయించమని రాశాను, ఎందుకంటే ఎముకలో ఒత్తిడి వల్ల వచ్చే సన్నటి పగులు మొదటి వారాల్లో చాలాసార్లు ఎక్స్‌రేకి దొరకదు.